పెద్ద గడ్డలు నేలకి

గుమ్మంలోనే వాసన తగిలింది.

వేడి మాంసం చారు, అందులో దంచి కలిపిన వెల్లుల్లి... కళ్ళు చెమర్చే ఘాటు.

పై ఊళ్ళో చావు భోజనానికి వెళ్ళొచ్చిన సయ్రాకాన్ బూట్లు విప్పుతూ ఆగిపోయింది.

లోపల వియ్యాలవారు. కొత్త కోడలు గుల్‌బారా తల్లీ తండ్రీ. కూతురి కాపురం చూడ్డానికి గుర్రాల మీద, చెప్పకుండా వచ్చారు.

సయ్రాకాన్ కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. దూలం వైపు చూసింది.

విత్తనాల మూట ఖాళీగా వేలాడుతోంది.

అమ్మ ఇచ్చిన వెల్లుల్లి అది. ఎర్ర చారల పొట్టు, నడుమ కర్రలాంటి కాడ, గడ్డకు ఆరే రెబ్బలు. చలి తినకపోతే రెబ్బ కట్టదు. మంచుకు ముందు నాటాలి, మంచు కింద నిద్రపోవాలి. యాభై ఆరేళ్ళుగా పెద్దవి నేలకి, చిన్నవి నోటికి. ఆ చిన్నవీ ఎప్పుడో ఊరగాయ జాడీలో పడ్డాయి. లోయలో ఇంకెవరి దగ్గరా ఈ రకం లేదు.

కోడలిని ఏమనగలదు? గొర్రెల కాపరుల బిడ్డ, మట్టిలో వేలు పెట్టి ఎరగదు. ఉన్నదాంట్లో పెద్దది అతిథికి — ఆ ఇంట్లో నేర్పింది అదే.

ఇంత మంచి వెల్లుల్లి పుట్టి బుద్ధెరిగి తినలేదంది వియ్యపురాలు. సయ్రాకాన్ ఆమెకు ఇంకో గరిటె పోయించింది.

గుర్రాలు మలుపు తిరిగాక, వండినవి విత్తనం గడ్డలని కోడలికి చెప్పింది. అరవలేదు... అరిస్తే ఏడుపొస్తుందని భయం.

"చెప్పుంటే ముట్టుకునేదాన్నా అత్తమ్మా," అంది గుల్‌బారా, నేల చూస్తూ.

నిజమే. ఎవరికీ చెప్పలేదు. ఆ వెల్లుల్లి మడి ఎవరినీ తాకనివ్వలేదు.

గడ్డ ఊరాలని ఏటా పూత కాడలన్నీ తుంచేస్తుంది. రెండు మాత్రం వదిలేస్తుంది — అవి నిటారుగా నిలబడి తల పగిలితే తవ్వే వేళ అయిందని గుర్తు. ఆ రెండు ఎండు తలలు కొట్టం చూరులో ఉన్నాయి. వాటిలో వడ్లంత గింజలు. అవి నాటితే మొదటి ఏడు ఒంటి రెబ్బ. రెండో ఏడు గోలీ అంత గడ్డ. మూడో ఏటికి గానీ వెల్లుల్లి వెల్లుల్లి కాదు.

సయ్రాకాన్‌కు డెబ్బై ఆరు.

కొండ మీద మంచు రోజుకో మెట్టు దిగుతోంది.

మర్నాడు పొద్దున్నే ఆ గింజలతో మడి దగ్గర వంగింది. గింజకు ముక్కు ఏదో, వేరు ఏదో కళ్ళకు ఆనలేదు. వేళ్ళకీ తెలియలేదు. ఒకటి జారింది. ఇంకొకటి జారింది...

కోడలు కంచె అవతల నిలబడి ఉంది, పిలవకుండా రాలేక.

"రా పిల్లా. ముక్కు పైకి. వేలి గణుపు లోతు, అంతే."

గుల్‌బారా మోకాళ్ళ మీద కూర్చుంది. ఒకటి. ఒకటి. ఇంకొకటి. చివికిన పేడ చల్లింది, గడ్డి కప్పింది. తల ఎత్తకుండానే అంది.

"మూడో ఏడు మా అమ్మ వచ్చి కూర్చున్నా సరే, పెద్దవి పెట్టను."

సయ్రాకాన్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి.

"ఒకటి పెట్టు. వియ్యపురాలు కదా."

అన్నాక తట్టింది — ఆ భోజనానికి తానుంటుందో లేదో. లేకపోతే ఈ పిల్ల మొహమాటానికి రెండు పెట్టేస్తుందేమో.

"ఒకటే," అంది మళ్ళీ.