దసరా దాకానే

మహబూబ్‌నగర్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల బాగోగులన్నీ స్నేహలతవే. ఆ రోజు ఆమె వచ్చేసరికి ఏ గదిలోనూ రోగుల రికార్డులు తెరుచుకోవడం లేదు. హాలంతా జనం. మెట్ల కింది చిన్న గదిలో సర్వర్‌ను ఆపి మళ్లీ వేసి చూసింది. లోపలి డిస్కు టకటకా కొట్టుకుంది తప్ప లేవలేదు.

అయినా ఆమెకు ధైర్యం పోలేదు. రికార్డులన్నీ రోజూ పక్కనున్న మరో డిస్కులోకి నకలు అవుతాయి. ఆ బ్యాకప్ డిస్కు వైరు వదులుగా ఉంటే తోసి బిగించింది. సర్వర్‌లో కొత్త డిస్కు పెట్టి, బ్యాకప్‌లో ఉన్నదంతా దానిలోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

మేనేజర్ రాజేశ్ గడపలోంచి కదలడం లేదు. "ఇంకెంతసేపు స్నేహా? జనం నా మీద పడ్తున్నరు."

"అయితాంది సార్. జర ఓపిక పట్టుండ్రి."

మధ్యాహ్నానికి పేర్లు, స్కాన్లు, మందుల చీటీలు తెరల మీదికి తిరిగొచ్చాయి. నర్సులు ఊపిరి పీల్చుకున్నారు. రాజేశ్ చాయ్ తెప్పించాడు. గ్లాసు చేతిలో ఉండగానే స్నేహలత చివరి ఎంట్రీ తేదీ చూసింది. దసరాకు ముందటిది. ఇప్పుడు కార్తీకం సగం దాటింది.

మళ్లీ వెతికింది. ఆ తర్వాత ఏమీ లేదు. పండుగకు రంగులేసినవాళ్లు బల్ల జరిపినప్పుడే వైరు వదులైనట్టుంది. అప్పటి నుంచి నకలు ఆగిపోయింది. ఆగిందని ఎవరికీ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు.

విషయం చెప్పగానే రాజేశ్ ముఖం పాలిపోయింది. "ఎవ్వరికీ చెప్పకు. పెద్ద డాక్టర్ రానీ. జనం ఆగమైతరు."

"సార్, పైన డాక్టర్లు గిదే చూసి మందులు రాస్తున్నరు!"

"జరసేపు ఆగమంటున్న గదా!"

ఆమె ఆగలేదు. మెట్లెక్కి వార్డులోకి పరుగెత్తింది.

కాలి పుండుతో జ్వరమొచ్చిన ఐలేశం కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. మక్తల్ దగ్గర గొర్లు కాచుకునే మనిషి. నర్సు పుష్పమ్మ అప్పుడే సెలైన్ సీసాలో మందు కలిపి వదిలింది. డాక్టర్ సుచరిత తెర ముందు నిలబడి ఉంది.

"మేడం, గా రికార్డు నమ్మకుండ్రి! దసరా తర్వాతది ఒక్కటి కూడ లేదు!"

సుచరిత చప్పున తిరిగింది. "పడని మందులేమైనా ఉన్నాయా అని వీళ్లను అడిగాను. అంతా కంప్యూటర్లో ఉందన్నారు. ఇక్కడేమీ లేదు."

ఐలేశం భార్య గుర్వమ్మ లేచి నిలబడింది. "ఉండకేంది బిడ్డా? బతుకమ్మ పండుగయినంక వస్తే సూదేసిండ్రు. ఊపిరాడక కండ్లు తేలేసిండు. గా మందు పడదని రాసుకున్నరు. మల్ల వచ్చినప్పుడు కంప్యూటరే చెప్తదన్నరు."

"ఆపు, పుష్పమ్మా!" అని సుచరిత అరిచింది.

పుష్పమ్మ ఆపేసరికే కొన్ని చుక్కలు లోపలికి వెళ్లాయి. ఐలేశం మెడ మీద దద్దుర్లు లేచాయి. దగ్గు మొదలై, ఊపిరి ఈలలా మోగింది. సుచరిత అతని తొడలో ఇంజెక్షన్ పొడిచింది. పుష్పమ్మ ఆక్సిజన్ పెట్టింది. గుర్వమ్మ మంచం కోడు పట్టుకుని "అయ్యో, గిట్లెందుకు చేసిండ్రు" అని ఏడుస్తుంటే స్నేహలతకు ఆమె వైపు చూడబుద్ధి కాలేదు.

చాలాసేపటికి ఐలేశం ఊపిరి కుదుటపడింది. నీళ్లు కావాలని సైగ చేశాడు.

సుచరిత, స్నేహలత కిందికి వచ్చారు. సుచరిత హాల్లోనే, అందరూ వింటుండగా, ప్రతి రోగినీ అడిగి తెలుసుకునే దాకా ఎవరికీ కొత్త మందు పెట్టొద్దని చెప్పింది. రాజేశ్ తల దించుకున్నాడు. పాడైన డిస్కును హైదరాబాద్ పంపారు. దాంట్లోంచి ఏమైనా వస్తుందో రాదో చెప్పలేమన్నారు అక్కడివాళ్లు.

స్నేహలత పాత రికార్డుల్లోని నంబర్లకు ఫోన్లు చేయసాగింది. కొందరు ఎత్తారు, కొందరు తిట్టారు. దసరా తర్వాత మొదటిసారి వచ్చినవాళ్లకు మాత్రం నంబరు కాదు కదా, పేరు కూడా లేదు. వాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఏ మందు మింగుతున్నారో తెలుసుకునే దారి లేదు.

ఒక అట్ట ముక్క తీసుకుంది. దసరా తర్వాత ఇక్కడ చూపించుకున్న ప్రతి ఒక్కరూ మందులు పట్టుకుని మళ్లీ రావాలని పెద్ద అక్షరాలతో రాసి వాకిలి తలుపుకు అంటించింది. రాజేశ్ దగ్గరికొచ్చి చదివాడు. చింపడానికన్నట్టు చెయ్యెత్తి, దించేశాడు.

చంకలో పిల్లతో ఒకామె గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"నాకు సదువు రాదక్కా. ఏం రాసిండ్రు గా అట్ట మీద?"

స్నేహలత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.