పున్నమ్మ దీపప్పెట్టె

రెండో హోల్డరుకు వైరు బిగించి, పైన నల్ల టేపు చుట్టి, మిగిలిన కొసను పంటితో కొరికేసింది పున్నమ్మ. మామిడిపండ్లొచ్చిన చెక్కపెట్టె, లోపల రెండు హోల్డర్లు, పైన పాత కిటికీ అద్దం. బెంజ్ సర్కిల్ దగ్గర చీరల కొట్టు వెనకగది అది. ముందు షట్టరు ఇంకా సగమే లేచింది.

అరవై దాటిన మనిషి. చూపుడువేలి కొసన సూదిపోట్లకు చర్మం కాయకట్టింది. ముప్పై ఏళ్లుగా ఒకటే పని: నేతచీర విప్పి, పోగు తెగిన చోటు వెతికి, ఆ చీర కొంగు చివరి పోగే ఒకటి లాగి, అతుకు తెలియకుండా అల్లడం. నేతగాళ్లింట పుట్టిన వేళ్లకేం కాలేదు, కళ్లే మసకేశాయి. పోయిన వారం రెండు చీరలు కంతలతోనే కొన్నవాళ్ల చేతికెళ్లాయి.

"ఒకటో తారీకు నుంచి ఇంటిపట్టున రెస్టు తీసుకో పున్నమ్మా" అన్నాడు నిన్న యజమాని వెంకటకృష్ణారావు.

రెస్టంట!

"షాక్ కొడుతుందేమో మామ్మగారూ" అంది చీరలు మడతపెట్టే సింధూరి, గుమ్మం దగ్గరే నిలబడి.

"మీ సారు మాటలకంటేనా? స్విచ్చి వెయ్యవే."

పాతరకం గుండుబల్బులు భగ్గుమన్నాయి. కాసేపటికి, అద్దం మీద పరిచిన చీర నుంచి గంజి మాడుతున్న వాసన. కంటికంటే ముందు ముక్కు పసిగట్టింది. చీర లాగేసింది. వెలుగు చాలనుకుంది గానీ వేడి సంగతే మరిచింది. పక్క వీధికెళ్లి రెండు ఎల్ఈడీ బల్బులు తెచ్చి బిగించింది.

ఈసారి తెగిన పోగు దగ్గర వెలుగు సూదిమొనలా పైకి పొడుచుకొచ్చింది. మసక కళ్లకూ కనబడింది.

"చూశావటే!" అని పకపకా నవ్వింది.

భోజనాలవేళ వెంకటకృష్ణారావు వచ్చి, వంగి చూశాడు.

"భలే ఉందే! దీంతో ఎవరైనా పట్టేయొచ్చు. సింధూరి కూర్చుంటుందిలే. పెట్టె ఇక్కడుంచేసి, నువ్వు ఒకటి నుంచి..."

పున్నమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"కంత చూపించేది పెట్టేనండి. పూడ్చేదెవరు?"

"ఈ నాలుగు రోజులూ పిల్లకి నేర్పు."

"నేర్పనండి." గొంతు పెంచలేదు. "ఒకటో తారీకు దాకా ఎందుకు? ఇప్పుడే వెళ్తున్నా."

"పంతాలకి పోకు పున్నమ్మా..."

"పెట్టె ఉంచుకోండి. రేపు మీ కళ్లూ మసకేస్తాయి, పనికొస్తుంది."

క్యారేజీ సంచీలో పెట్టుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగింది. సింధూరి వెనకే పరుగెత్తుకొచ్చింది.

"నాకు నేర్పరా మామ్మగారూ?"

"ఇంటికి రా, నేర్పుతా. అక్కడ కూర్చుని మాత్రం నేర్పను."

వెనక్కి తిరిగి చూడకుండా ఆటోల మధ్యలోంచి రోడ్డు దాటేసింది.

వెనకగదిలో స్విచ్చి ఎవరూ కట్టలేదు. వెలుగుతున్న అద్దం మీద సగం అల్లిన కంత, అందులో గుచ్చినది గుచ్చినట్టే నిలబడ్డ సూది, దాని బెజ్జంలోంచి వేలాడుతూ జానెడు పోగు.