గుల్ల సున్నం వేడి

“మళ్ళీ నాలిక్కి ఇసకలా తగులుతోందంట. నీ చేతి సున్నం ఇంకెవరూ కొనేలా లేరమ్మా,” అంటూ అన్సార్ డబ్బాను గుమ్మం దగ్గర పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తల్లి సుల్తాన్ బీ డబ్బా మూత తీసి చూసింది. రేపల్లెలో తాంబూలం సున్నం అమ్మే ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా గుల్ల తడిపేది ఆమే. అడవులదీవి వైపు నుంచి, బట్టీలో కాల్చిన నత్తగుల్లలు బస్తాల్లో వస్తాయి. నీళ్ళు పడగానే బుసబుసమని పొంగి పిండవుతాయి. ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ పొక్కిపోయే ఉంటాయి. సున్నం వెన్నలా కుదిరిన రోజున బజారంతా “జమాలుద్దీన్ సున్నం” అనేది. కుదరని రోజున ఆ జమాలుద్దీనే, ఆమె భర్త, నలుగురిలో అనేవాడు: “దీని చెయ్యి మంచిది కాదు. ముట్టుకుంటే చాలు, గుల్ల చచ్చిపోద్ది.” ఆయన పోయి ఆరేళ్ళయింది. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

“రేపట్నుంచి నగ్మా తడుపుద్దిలే,” అన్నాడు అన్సార్, అన్నం ముందు కూర్చుంటూ.

కోడలు నగ్మాకి బాపట్లలో బి.ఎడ్. సీటు వచ్చి పది రోజులైంది. హాస్టల్లో ఉంటే తప్ప చదువు సాగదని ఆమె అంటుంది. “పొద్దున్నే గుల్ల తడిపి రైలెక్కు, సాయంత్రం వచ్చి వడకట్టు, ఎవరొద్దన్నారు?” అని అతనంటాడు. సుల్తాన్ బీ భయం సుల్తాన్ బీది. వెళ్ళిన మనుషులు తిరిగొస్తారన్న నమ్మకం ఆమెకి ఎప్పుడో పోయింది. ఈ పిల్ల ఉండిపోతే బాగుండునని లోలోపల అనుకుంటుంది, అనుకున్నందుకు సిగ్గుపడుతుంది, బియ్యంలో లేని రాళ్ళు ఏరుతుంది.

మర్నాడు నగ్మా గుల్ల తడపలేదు, కొట్లో బస్తాలోంచి తీసి తూచింది. చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టె కడిగి, అందులోకి ఐదు లీటర్ల నీళ్ళున్న స్టీలు గిన్నె దించి, కాలేజీ రోజుల్లో కొనుక్కున్న థర్మామీటరు ముంచింది.

“ఏంటమ్మా ఇదంతా?”

“లెక్కత్తమ్మా. యాభై ఆరు గ్రాముల మంచి గుల్ల నీళ్ళతో కలిస్తే అరవై ఐదు కిలోజౌళ్ళ వేడి పుట్టాలి. ఇది దానికి ఐదింతలు. అంటే ఈ నీళ్ళు పదిహేను డిగ్రీలు వేడెక్కాలి. మీరే వెయ్యండి.”

“అంతా వేడేనా? కుండలో వేస్తే మూత కూడా లేపుద్ది కదా.”

“అది ఆవిరి పుట్టినప్పుడు. ఆవిరి గాలిని నెడితే దాన్ని పని అంటారు, అదీ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ నీళ్ళు ఎక్కువ, ఆవిరి లేదు. అందుకని పని సున్నా వేసేస్తాం.”

“మీ మామగారూ నా పనికి అదే వేసేవారు,” అంది సుల్తాన్ బీ. ఇద్దరూ నవ్వుకున్నారు.

సుల్తాన్ బీ గుల్ల వేసింది. పాదరసం ఆరు డిగ్రీలు ఎక్కి ఆగిపోయింది. నగ్మా నీళ్ళు మార్చింది. బట్టీ దగ్గర పనిచేసే కొండమ్మ చేత మూత బిగించి తెప్పించిన డబ్బా తీసి, అంతే తూకం కొత్త గుల్లని అత్తగారి చేతిలోనే పెట్టింది. ఈసారి పద్నాలుగు డిగ్రీలు ఎక్కింది.

“ఆ మిగతా ఒక్కటీ గిన్నె తాగేసింది. చూశారా, రెండుసార్లూ మీ చేత్తోనే వేయించాను. కొట్లో బస్తాలు మూతి విప్పి నెలల తరబడి వదిలేస్తున్నారు. గాలిలో తేమకి గుల్ల సగం పైనే అక్కడే చచ్చిపోతోంది. మీ చేతిలో ఏ తప్పూ లేదు.”

సుల్తాన్ బీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. కూతురు ఇష్రత్ పెళ్ళికి, ఈ చెయ్యి మంచిది కాదని, గోరింటాకు పక్కింటావిడ చేత పెట్టించింది. అప్పగింతలప్పుడు ఆ పిల్ల తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండేళ్ళకే ఇష్రత్ కాన్పులో పోయింది. తల నిమరలేదు. ఆ సంగతి ఏ థర్మామీటరూ కొలవదు.

రాత్రి అన్నం దగ్గర నగ్మా లెక్క రాసిన కాగితం చూపించి అంతా చెప్పింది. అన్సార్ ఓపిగ్గానే విన్నాడు. “సరే, అమ్మ చెయ్యి మంచిదే. ఇకనుంచి మూతులు కట్టే ఉంచుతాను. అయితే ఇంకేంటి, ఇద్దరూ కలిసి తడపండి.”

తప్పు ఎవరిదో తేలితే ఏదో మారుతుందని సుల్తాన్ బీ ఆ పగలంతా అనుకుంది. కొడుకు అప్పటికే పెరుగు కోసం చెయ్యి చాపాడు. ఆమె గిన్నె అందించలేదు.

“నేను ఇక గుల్ల ముట్టను. ఆ పిల్లా ముట్టదు. నీళ్ళెంతో గుల్లెంతో రాసి పెట్టింది, నువ్వే తడుపుకో. దాన్ని హాస్టల్‌కి పంపు.”

అన్సార్ తల్లి ముఖం చూసి భుజాలెగరేశాడు. “వెళ్ళనీ. దసరాకి ఇంటికొస్తుందిగా, అప్పుడు మాట్లాడదాం.”

చేరాల్సిన రోజున అతను కొట్టు తెరవాలన్నాడు. సుల్తాన్ బీయే సంచి పట్టుకుని తెనాలి దాకా వచ్చి, బాపట్ల రైలెక్కించింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి పిల్ల తల మీద చెయ్యి వేసి, తీయలేకపోయింది. రైలు కదిలాక కిటికీలోంచి నగ్మా, “దసరా సెలవులకి వచ్చేస్తానత్తమ్మా. పది రోజులూ మీ దగ్గరే,” అంది.

ఆ మాట వినాలనే రేపల్లె నుంచి ఎదురుచూసిన మనిషి, ఊచ పట్టుకుని రైలుతో పాటు నాలుగడుగులు వేసింది.

“రావద్దు తల్లీ,” అంది. “వస్తే మళ్ళీ పంపరు.”