ఒక సైజు పెద్ద స్కేట్లు

బంద్ రోజున కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ ముందున్న వాలు రోడ్డు పిల్లలదే. ఆఫీసు క్యాబ్‌లు ఉండవు, ఆటోలు ఉండవు. తెలంగాణ కోసం ఆ ఏడాది బంద్‌లు చాలానే జరిగాయి కానీ, మా నవనీతకు స్కేట్లు కొన్నాక వచ్చిన మొదటి బంద్ అదే. పదేళ్ల పిల్ల, ఆ రోజు కోసం వారం ముందు నుంచీ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

నాకు స్కేటింగ్ రాదు. జాగ్రత్తలు మాత్రం వచ్చు. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. పడబోతే ముందుకే, మోకాళ్ల మీదికే పడాలి. లేసులు బిగించాక మోకాళ్లు వంచి చూడాలి, లోపల మడమ లేవకూడదు. సెల్లార్‌లో నేర్చుకున్న నెల రోజులూ ఈ పరీక్షలు కానిదే దాన్ని కదలనివ్వలేదు.

ఇంత పట్టింపు ఉన్న నేనే ఆ స్కేట్లు ఒక సైజు పెద్దవి కొన్నాను. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ముందు భాగంలో దూది కుక్కాను. మా ఇంట్లో గౌన్లు కూడా అలాగే కొంటాం. గౌనైతే మడిచి కుట్టుకోవచ్చు.

ఆ పొద్దున గేటు దగ్గర పిల్లలంతా సిద్ధమయ్యారు. నవనీత లేసులు కట్టుకుని, మోకాళ్లు వంచి, ఆగిపోయింది.

"అమ్మా, మడమ లేస్తుంది."

నెల రోజుల్లో దూది అణిగిపోయిందన్నమాట.

"ఇంకింత దూది పెడత, ఆగు."

"దూది వేళ్లకాడ పెడితే మడమ ఎట్ల ఆగుతది?"

మా కింది వాటా జయలక్ష్మి గారు నవ్వారు. "ఏమండీ, నెల రోజులు మిలిటరీ ట్రైనింగ్ ఇచ్చారు, తీరా యుద్ధం రోజున సైనికురాలు కూర్చుండిపోయిందే!" వాళ్లబ్బాయి సాయిచంద్ అప్పటికే ఒక చుట్టు తిరిగొచ్చాడు.

నాకు రోషం వచ్చింది. "ఏం గాదు బిడ్డా, జర గట్టిగ కట్టుకొని పో. మళ్ల గిట్ల ఖాళీ రోడ్డు దొరుకుతదా?"

"లేస్తే కదలొద్దని నువ్వే చెప్పినవ్ గద."

దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా వంగి లేసులు విప్పేసింది. లేచి వాచ్‌మన్ మొగిలి దగ్గరికి వెళ్లింది.

"తాతా, నీ విజిల్ ఇస్తవా?"

"నా డ్యూటీ గూడ నువ్వే చేస్తవా ఏంది?"

"గేటు నువ్వు చూస్కో. నేను మలుపు చూస్త."

మలుపు అవతల బండి కనబడితే విజిల్ ఊదుతానని, అది మోగితే అందరూ పక్కనున్న గడ్డిలోకి దిగిపోవాలని పిల్లలకు చెప్పింది. హెల్మెట్ తీయకుండానే, కాళ్లకు చెప్పులేసుకుని, వాలు చివర మలుపులో నిలబడింది.

అరగంట గడిచింది. ఉన్నట్టుండి విజిల్ ఆగకుండా మోగింది. మాకింకా ఏమీ కనబడలేదు. పిల్లలు ఒక్కొక్కరే గడ్డిలోకి దిగారు. సాయిచంద్ మంచి వేగంలో ఉన్నాడు, ఆపుకోలేక గడ్డిలోకి మళ్లి మోకాళ్ల మీద పడ్డాడు. మరుక్షణం మలుపు తిరిగి ర్యాలీ వచ్చింది. ముప్పై బైకులు, జెండాలు, "జై తెలంగాణ" నినాదాలు. రోడ్డు నిండిపోయింది.

ముందున్న బైకతను వేగం తగ్గించాడు. "ఎవరే గీ ట్రాఫిక్ పోలీసు?"

"మా పిల్లనే!" అన్నాడు మొగిలి, నాకంటే ముందే.

నవనీత చెయ్యెత్తి, బైకులన్నీ దాటేదాకా పిల్లలను కదలనివ్వలేదు.

జయలక్ష్మి గారు పరుగెత్తి వెళ్లి కొడుకు మోకాళ్లు, మోచేతులు తడిమి చూసుకున్నారు. ఒక్క గీత కూడా లేదు. తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మీ పెంపకం అండీ!"

అవుననలేకపోయాను. పొద్దున దాన్ని పొమ్మన్నది నేనే. ఆగింది అదే.

సాయంత్రం స్కేట్లు మార్చి తేవడానికి కొలత కావాలని, దాన్ని తెల్లకాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్ గీస్తున్నాను. వేళ్ల దగ్గర నా చెయ్యి అలవాటుగా కొంచెం బయటికి జరిగింది.

"అమ్మా, కాలుకు ఆనించి గియ్యి."

చెరిపేసి, మళ్లీ గీశాను.