సెల్లార్‌లో నాలుగో మోటారు

“గుడ్డలేస్తాండారు అందులో. ఆడోళ్లు గాక ఇంకెవరేస్తారు?”

మోటారు కాలిపోయిన ప్రతిసారీ మా ఆయన కేశవ అనే మాట ఇదే. ఈసారి సెల్లార్ మెట్ల మీద నిలబడి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని అన్నాడు. కింద నేను మురుగు గుంతలోంచి బకెట్‌తో తోడిపోస్తున్నాను. మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి వచ్చే ముంతాజ్ నా పక్కనే ఉంది. “నువ్వు కొన్నాళ్లు రావద్దులేమ్మా ముంతాజూ” అని కూడా అనేశాడు. ముంతాజ్ చేతిలోని కండెను బుట్టలో పెట్టి, కొంగు తల మీదికి లాక్కొని, మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమెకు ముట్లు ఆగిపోయి రెండేళ్లయింది. ఆ సంగతి నాకు తెలుసు. దాన్ని ఒక మగాడి ముందు చెప్పుకొని నిర్దోషినని నిరూపించుకోవాలా? నాకు ఒళ్లు మండిపోయింది. కానీ చేతిలో బకెట్ ఉంది, ముందు ఆ పని చూసుకోవాలి కదా.

మాది ఎమ్మిగనూరు. ఈ ఎండలకు నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుందని, ఇల్లు కట్టేటప్పుడే మగ్గాలకు కింద సెల్లార్ తవ్వించారు. అక్కడ చల్లగా ఉంటుంది, పోగు మాట వింటుంది. మూడు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన, మిగతా రెండింటి మీద కూలికి వచ్చే మగవాళ్లు. కండెలు చుట్టేది, గంజి పెట్టేది నేను, ముంతాజ్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మాకోసం అక్కడే ఒక బాత్‌రూం, మరుగుదొడ్డి కట్టించారు. వీధి కాలువేమో మా తల కంటే ఎత్తులో ఉంటుంది. కాబట్టి కిందిదంతా ఒక గుంతలో చేరాలి, మోటారు దాన్ని పైకి ఎక్కించాలి. మోటారు ఆగితే మేము పైన దొడ్డికి రావాలి, మా అత్త మద్దమ్మ కూర్చునే హాలు దాటి, పూజగది ముందు నుంచి. “మళ్లీనా?” అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్న వినలేక ఆడవాళ్లు పొద్దున్నించీ నీళ్లు తాగడం మానేస్తారు. మగవాళ్లకేం, వెనక సందు ఉంది.

“సోమవారం మేస్త్రీని పిలిచినా. గుంత పూడ్చి బండ పరిపిస్తా. ఈ పీడే ఉండదు” అన్నాడు ఆయన ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ. ఏడాదిలో మూడు మోటార్లు. మొదటిది అర హెచ్‌పీ, తర్వాతది ఒకటి, ఈ కాలిపోయింది రెండు. గుర్రాలు పెంచుకుంటూ పోయాడు గానీ, అసలు లోపల ఏం ఇరుక్కుంటోందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు. అన్నం కలుపుతూ ఉండగా నాకు తోచింది: అవునూ, మోటారు లోపల ఏముంటుంది?

ఆయన చేనేత సొసైటీకి వెళ్లగానే కాలిన మోటారును పెరట్లోకి ఈడ్చుకొచ్చి, కడిగి, కుట్టు మిషన్ స్క్రూడ్రైవర్‌తో, పానాతో విప్పడానికి కూర్చున్నాను.

“ఏమ్మే పార్వతీ, మోటారిప్పే ఆడదాన్ని ఈడ చూస్తాండా” అంది అత్త.

“నేనూ ఇప్పుడే చూస్తాండా అత్తా.”

నాలుగు బోల్టులు ఊడాయి. మూత తీస్తే లోపల చిన్న చక్రం. దాని రెక్కలు కనపడటం లేదు. ముంతాజ్ చుట్టిన కండెలాగా నిండుగా, బిగువుగా నూలు చుట్టుకొని ఉంది. ఎరుపు, చిలకపచ్చ, నలుపు. కత్తెరతో కోసి పొరలు పొరలుగా విప్పాను. ఒక్క గుడ్డ పీలిక లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ముంతాజ్ గుర్తొచ్చింది.

నూలు గుంతలోకి ఎట్లా పోయింది? గోడ మీది క్యాలెండర్ తెచ్చుకున్నాను. గ్యాస్ బండ వచ్చిన రోజు, మోటారు కాలిన రోజు, అన్నీ నేను దానిమీదే రాసుకుంటాను. మొదటిది అమావాస్య అయిన మూడో రోజు. రెండోది రెండో రోజు. మొన్న బుధవారం అమావాస్య, ఈరోజు శుక్రవారం. అప్పుడు తెలిసింది. అమావాస్యకు మా మగ్గాలకు సెలవు. మగ్గాల కింద రాలిన తెగిన పోగులన్నీ ఏరి, పూజ చేసి, నీళ్లలో వదలాలి. పోగును తొక్కకూడదు, చెత్తలో వేయకూడదు, అది మా ఇంటి పద్ధతి. మామ బతికున్నన్నాళ్లూ వాటిని మూటగట్టి ఊరి బయట పారే కాలువ దాకా నడిచిపోయేవాడు. మా ఆయనకు అంత ఓపిక యాడిది? నీళ్లు యాడైనా నీళ్లేనని సెల్లార్ బాత్‌రూం తూములో వేసి, చెంబెడు నీళ్లు పోసి, దండం పెట్టుకుంటాడు. ఆ చెంబు కడిగి తెచ్చింది కూడా నేనే. ఏడాదిగా కళ్లెదుట జరుగుతున్నది చూడకుండా, ముంతాజ్ మీద పడిన మాటను విని ఊరుకున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు ఆ చక్రాన్ని, విప్పిన నూలును సంచిలో వేసుకొని కర్నూలు బస్సెక్కాను. మోటార్ల షాపులో హనుమేష్ అనే అతను నన్ను చూసి, నా వెనక చూశాడు. “మగోళ్లు రాలేదాక్కా?”

“మగోళ్లు మూడు తెచ్చి కాల్చినారప్పా. నాలుగోది నేను చూస్తా.”

అతను నవ్వేశాడు. చక్రం, నూలు చూసి తల పట్టుకున్నాడు. “ఇవన్నీ మంచినీళ్ల మోటార్లక్కా. మురుగుకు పెట్టేటివి కాదు. ఎంత ఎత్తుకు ఎక్కాల నీళ్లు?”

అది కొలుచుకొనే వచ్చాను. నూలుకు రాయి కట్టి గుంత అడుగు నుంచి వీధి కాలువ దాకా ముళ్లు వేసుకున్నాను. పదమూడు అడుగులు నిలువు, ఇరవై అడుగులు అడ్డం. అతను రెండు మోటార్లు ముందు పెట్టాడు. ఒకదానికి కత్తి ఉంది.

“ఇది పోగును కోస్తాదా?” అన్నాను.

“కోస్తాదనే అమ్ముతామక్కా. నిజం చెప్పల్లంటే తడి నూలు కత్తికి గూడా చుట్టుకుంటాది.” రెండోది చూపించాడు. దాని చక్రం వెనక్కి కూర్చొని ఉంది, ముందు పిడికిలి పట్టేంత జాగా. “ఇది గట్టిదాన్ని తాకకుండానే నెట్టేస్తాది. ఒక్క హెచ్‌పీ చాలు. నూలు మాత్రం దీంట్లోకీ పోనియ్యొద్దు.”

గాలి పోవడానికి గొట్టం యాడ పెట్టాల, కరెంటు పోతే ఎక్కిన నీళ్లు వెనక్కి దిగవా, గుంత నిండినట్టు దానికెట్లా తెలుస్తాది, అన్నీ అడిగాను. ఇన్నేళ్లలో ఒక వస్తువు గురించి ఇంత సంతోషంగా ఎప్పుడూ అడిగి ఉండను. ఆదివారం హనుమేష్ స్వయంగా వచ్చి బిగించాడు. నీళ్లు పెరిగేకొద్దీ ఒక బుడ్డ తేలుతూ పైకొచ్చింది, ఒక ఎత్తుకు రాగానే మోటారు దానంతటదే గుర్రుమంది. గుంత ఖాళీ కాగానే ఆగింది. బకెట్లతో నీళ్లు పోసి మూడుసార్లు చూశాను. అత్త కూడా మెట్ల మీద కూర్చొని చూసింది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పళ్లెంలో ఆ నూలు పెట్టి ఆయన ముందు ఉంచాను.

“ఏంది ఇది?”

“నీ మోటార్లో దొరికిన గుడ్డలయ్యా. అమావాస్య పోగులు.”

ఎరుపు ఆయన మగ్గానిదే. గుర్తుపట్టకుండా ఎట్లుంటాడు? ఒక పోగు తీసి చూశాడు. “ఒరే, కాలువకు పోయేదానికి ఏం రోగం నీకు?” అంది అత్త.

“సరేలే, తెలీక జరిగింది. మేస్త్రీని వద్దంటాలే. ఇంగ ఆ పోగులు నేనే కాలువకు తీస్కపోతా.” తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. “ముంతాజ్‌ను రేపట్నించి రమ్మని చెప్పు నువ్వు.”

నేను చెప్పాలంట. నింద వేసింది ఆయన, సర్దిచెప్పాల్సింది నేను.

ఫోన్ తీసి ముంతాజ్ నంబరు కలిపాను. స్పీకర్ పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

“అక్కా?” అంది ముంతాజ్ అవతల్నించి.

ఆయన నా వైపు చూశాడు. ఏం చెప్పాలో తోచనప్పుడల్లా అట్లాగే చూస్తాడు, పద్దెనిమిదేళ్లుగా నేనే మాట అందిస్తున్నాను. ఈసారి చేతులు కట్టుకొని, ఆయన ఏం చెప్తాడో నాకూ తెలియక, ముంతాజ్‌తో పాటు నేనూ వింటూ నిలబడ్డాను.