పాప ఊపిరి తీసుకునేదాకా

"పాప ఆరు కిలోలు దాటిందే!" అని సువర్చలక్క గొంతు మైకులో మోగుతుంటే, ఆ కబురు నాన్నకి చెప్పాలని నేను పెళ్లిచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెడుతున్నాను, పందిరి దాటితే రైలుపెట్టె, రైలుపెట్టె దాటితే నాన్న ముప్పై ఏళ్లు పనిచేసిన ఆసుపత్రి ఎక్స్‌రే గది, అక్కడ నాన్న, చనిపోయి ఏడు నెలలైనట్టు ఏమాత్రం అనిపించకుండా, తడి ఫిల్ములు ఆరేస్తున్నాడు.

"నా పెళ్లికి రాలేదేం?" అని అలుగుతాను.

"రాకేం? మీ ఆయన తలంబ్రాలు సగం పంతులుగారి మీద పోశాడు. అబ్బాయికి గురి బొత్తిగా లేదమ్మా."

అది నిజం. నవ్వాగక గోడకి ఆనుకుంటే గోడ మెత్తగా లోపలికి పోతుంది, నవ్వు మధ్యలోనే నాకు అసలు పని గుర్తొస్తుంది. పాప అక్క కడుపులో ఉండగానే దాని ఊపిరితిత్తిలో బుడగల్లాంటి గడ్డ ఉందని స్కానింగులో తెలిసింది, "పుట్టాక చూద్దాంలే, నేను లేనూ?" అన్న నాన్న అది పుట్టకముందే వెళ్లిపోయాడు.

"ఇప్పుడు చెప్పు నాన్నా. దానికి అయిదో నెల. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఒక డాక్టరుగారేమో తీసేద్దాం, తర్వాత చీము పడితే ఆపరేషన్ కష్టం, అరుదుగా క్యాన్సర్ కూడా రావచ్చు అంటారు. ఇంకొకాయన, హాయిగా ఆడుకునే పిల్లని కోయడమెందుకు, స్కానింగులు తీస్తూ చూద్దాం అంటారు. బావ ఉన్నది పరాయి దేశంలో, అక్కే ఏదో ఒకటి తేల్చాలి. దాని పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంటోంది, తిండి లేదు."

"నేను ఫొటోలు తీసేవాణ్ణే తల్లీ. కొయ్యాలో వద్దో నాకేం తెలుసు?"

గది నెమ్మదిగా పడవలా ఊగుతుంది, బల్ల మీద పాప ఎప్పుడొచ్చిందో గుక్కపట్టి ఏడుస్తుంటుంది, నాన్న స్విచ్చు నా చేతిలో పెడతాడు.

"నేనా?"

"నా చేతులు చల్లగా ఉన్నాయి, ఉలిక్కిపడుతుంది. పెద్దవాళ్లనైతే ఊపిరి బిగబట్టమంటాం. దీనికేం చెప్తాం? పొట్టకేసి చూస్తూ ఉండు. నిండా పీల్చిందా, నొక్కేయ్."

"అంటే ఆగమంటావా?"

"వేలు స్విచ్చు మీదే ఉంచి ఆగాలి. ఊరికే కూర్చోవడం కాదది. కోయించినా, ఆగినా, మీ అక్క ఒక్కత్తే చూస్తూ ఉండలేదు. ఆ సంగతి చెప్పావా దానికి?"

చెప్పలేదు. కొత్త కాపురం సంబరంలో పడి అక్కకి ఫోనులో ధైర్యాలే చెప్పాను. పాప ఏడుపు ఆగి, పొట్ట ఎత్తుగా పొంగుతుంది. నొక్కుతాను.

కళ్లు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం, నా బొటనవేలు పక్కన పడుకున్న మా ఆయన భార్గవ్ చొక్కా గుండీని గట్టిగా నొక్కుతోంది, దాని కింద అతని ఛాతీ లేచి పడుతోంది.

"కాలింగ్ బెల్ అనుకున్నావా? లోపలున్నది నువ్వే," అన్నాడు కళ్లు తెరవకుండానే.

వేలు తీయకుండానే రెండో చేత్తో అక్కకి ఫోన్ చేశాను.

"నువ్వేమనుకుంటున్నావక్కా? నాన్నేమనేవాడో కాదు, నువ్వు."

పాప ఉంగాల మధ్య నుంచి అక్క అంది, "ఏడాది నిండేదాకా చూడాలనే ఉందే. కానీ ఒక్కదాన్నీ..."

"ఒక్కదానివేంటి? ఎప్పుడు స్కానింగు, ఏం కనిపిస్తే పరిగెత్తాలి, అన్నీ అడిగి రాసుకుందాం. రేపు తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గరుంటాం. మీ మరిది సెలవు పెడతాడు."

"పెడతానా?" అన్నాడు భార్గవ్.

"పెడతాడు," అన్నాను.