తెలిసినవారి సంతకం

మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక పిలిచిన నంబరు పద్దెనిమిది. బిక్షమ్మ చేతిలోని చీటీ మీద ఇరవై ఆరు అని ఉంది.

దేవరకొండలోని ఆ ఫంక్షన్ హాలుది రేకుల కప్పు. మే నెల ఎండకు లోపల ఉన్నవాళ్లకన్నా వరండాలో ఉన్నవాళ్లకే కాస్త నయం. బిక్షమ్మ గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుంది. ఆనుకుంటే కొయ్య కిరీటం గోడకు తగులుతుంది. దానికి ఇప్పటికే రెండు చోట్ల పగుళ్లున్నాయి. తీగతో బిగించి, పైన రంగుకాగితం అంటించారు. ముఖానికి తెల్లవారుజామున నాలుగింటికి అర్దళం పూసుకుంది. ఆ పసుపుపచ్చ రంగు మీద ఇప్పుడు చెమట చారలు దిగుతున్నాయి.

"రెడీగా రండి, పది నిమిషాల ప్రదర్శనే" అని సాంస్కృతిక శాఖ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. చిందు ఆట ఆడేవాళ్లకు రెడీ అంటే వేషం కట్టుకుని రావడమే. ఎల్లమ్మ వేషం కట్టాక మంగళహారతి అయ్యేదాకా మెతుకు ముట్టరు. రంగు కడగరు.

"ఇంటికాన్నుంచే ఏసుకొని రమ్మని ఎవలన్నరే అమ్మా?" అన్నాడు కొడుకు లింగస్వామి, మద్దెల ఒళ్లో పెట్టుకుని. "ఈడికొచ్చినంక పూసుకుంటె పోయేది."

"ఈడ జాగ ఏడుంది? మంది నడుమ కూసోని పూసుకుంటరా అమ్మోరి రంగు?" అంది బిక్షమ్మ. అంతలోనే నవ్వింది. "బస్సుల కండక్టరు ఆధార్ కార్డు సూసిండు, నా మొఖం సూసిండు. మల్ల కార్డు సూసిండు. ఏం తోచక దండం పెట్టి జీరో టికెట్టు ఇచ్చిండు."

లింగస్వామి నవ్వలేదు. హైదరాబాదులో సిమెంటు గోదాములో బస్తాలు మోస్తాడు. రోజుకు ఏడు వందలు. ఈ ఆట కోసం మూడు రోజులు పని మానుకుని వచ్చాడు.

"ఈపాలి గ్రాంటు రాకుంటె నేను మద్దెల పట్టనమ్మా. గీ మాట కోపంల అంటలేను."

బిక్షమ్మ చేతిలోని చీటీని ఇంకోసారి మడిచింది. మద్దెల లేకపోతే మేళం లేదు. మేళంలో మిగిలింది నలుగురే.

పోయినేడు దాకా జిల్లాలో అరవై మేళాలకు తలా పదిహేను వేలు ఇచ్చేవారు. ఈ ఏడు సర్దుబాటు చేశారు. అదే డబ్బు ఇరవై మేళాలకే, ఒక్కొక్కదానికి నలభై అయిదు వేల చొప్పున. "అందరికీ చిటికెడు చిటికెడు పంచితే ఎవరి కడుపూ నిండదు" అని అధికారి శ్రీదేవి మైకులో చెప్పింది. అందులో అబద్ధం లేదు. మిగతా నలభై మేళాల మాట మాత్రం ఆమె చెప్పలేదు. దొంగపేర్లు రాకుండా ప్రతి కళాకారుడి ముఖాన్నీ ఫోనులో గుర్తింపు కార్డుతో సరిచూస్తామని, అది అయ్యాకే వేదిక ఎక్కనిస్తామని చెప్పింది.

ఆ ఇరవై మేళాలను ఎంచేందుకు మార్కులు వేయడానికి ఇద్దరిని కూర్చోబెట్టారు. ఒకరు రామచంద్రయ్య, పద్యాలు బాగా పాడే రిటైర్డు హెడ్మాస్టరు. రెండోవారు దామోదర్, తెలుగు టీచరు.

దామోదర్ మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చినప్పుడు బిక్షమ్మ లేచి నిలబడింది.

"నాయినా, బాపు పోయిండట గదా. మాకు మొన్ననే ఎరుకైంది" అంది గొంతు తగ్గించి. "దినాలకు రాకపోతిమి. మతులబు పంపితే ఉరికొస్తుంటిమి బిడ్డా. జానయ్య ఇంట్ల తిన్న నోరు ఇది."

దామోదర్ సొంతూరు కొత్తకుంటలో మాదిగ ఇళ్లకు మాత్రమే మూడేళ్లకొకసారి చిందు మేళం వచ్చేది. ఆ ఇళ్లలో ఆడి అడగడం మేళంవాళ్ల హక్కు. వచ్చిన మేళానికి దామోదర్ తండ్రి జానయ్య ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసేవాడు. తన మంచం వాళ్లకిచ్చి తాను అరుగు మీద పడుకునేవాడు. దామోదర్ ఉద్యోగం వచ్చి దేవరకొండలో ఇల్లు కట్టుకున్నాక, ఆ మేళం తన గుమ్మం ముందు నిలబడటం ఆయనకు ఇబ్బందిగా తోచింది. ఒకసారి అయిదు వందల నోటు చేతిలో పెట్టి, కాలనీలో మద్దెల వాయించవద్దన్నాడు. తండ్రి ఆ రోజు అన్నం తినలేదు.

తండ్రి పోయి నాలుగు నెలలైంది. ఆ పేరు ఎవరైనా పలికితే ఆయన ఆగి వినేవాడు. ఈమధ్య పలికేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు ఆ పచ్చని ముఖంలోంచి వినగానే కళ్లు తడిశాయి. ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో రామచంద్రయ్య కనిపించాడు.

"కూర్చోండమ్మా, నంబరు వస్తే పిలుస్తారు" అని దామోదర్ లోపలికి వెళ్లిపోయాడు.

రెండు గంటలకు ఇరవై ఆరు పిలిచారు. ఆపరేటరు పరశురాం ఫోను బిక్షమ్మ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి.

"పట్టుకుంటలేదు మేడం. కండ్లు మనిషివే, మిగిలిందంత దేవతనే అంటాంది ఫోను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బిక్షమ్మ కూడా నవ్వింది.

"మొఖం కడుక్కుంటే అయిపోతుంది కదమ్మా" అంది శ్రీదేవి.

"హారతి కాకుండ కడగరు మేడం. మా పెద్దల కాన్నుంచి లేదు."

"అవన్నీ నాకు తెలియదమ్మా. ఇంకా ముప్పై మేళాలున్నాయి."

పరశురాం దరఖాస్తు తిప్పి రెండో పేజీ చూశాడు. "ఇంకో తొవ్వ ఉంది మేడం. అడుగున రాసిన్రు. ఫోను పట్టుకోకుంటే, 'ఈమె నాకు స్వయంగా తెలుసు' అని గవర్నమెంటు ఉద్యోగి సంతకం పెడితె నడుస్తది." కాగితాన్ని మార్కులు వేసే బల్ల మీదికి జరిపాడు. "దామోదర్ సారూ, మీ దిక్కోళ్లే అనుకుంట. ఎరుకేనా మీకు?"

సంతకం గడి చిన్నది. వేలెడు వెడల్పు ఉంటుంది. పెన్ను దామోదర్ చేతిలోనే ఉంది.

పొద్దున ఒక మేళం దిగిపోతుంటే రామచంద్రయ్య ఆయన చెవి దగ్గరకు వంగి, "అడుక్కుతినేటోళ్లకు కళాకారులని పేరు వెట్టిన్రు సార్" అన్నాడు. దామోదర్ అప్పుడు నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఇప్పుడు సంతకం పెడితే, ఎట్లా తెలుసు అని ఈయన అడుగుతాడు. మా ఇంటికి వస్తారు అని చెప్పాలి. ఏ ఇల్లు అని మాత్రం అడగడు. అడగకుండానే తెలుసుకుంటాడు. ఇరవై రెండేళ్ల నౌకరీలో తానేమీ దాచలేదని దామోదర్ అనుకునేవాడు. చెప్పలేదు, అంతే అనుకునేవాడు.

"లేదు. నాకు ఎరుక లేదు" అన్నాడు.

బిక్షమ్మ ఆయన వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"సారుకు మేమెట్ల ఎరుకైతం పరశురామూ," అంది, "యాడి సారో, యాడి మేమో." కొడుకు వైపు తిరిగింది. "కిరీటం ఇప్పు బిడ్డా."

"అమ్మా, వద్దే. పోదాం పా."

"మూడు దినాల కూలి ఇడిసి వస్తివి. ఇప్పు."

వరండా చివర కుళాయి ఉంది. అర్దళం నూనెతో కలిపి పూసేది; నీళ్లకు తేలికగా పోదు. ఎవరో సబ్బుముక్క ఇచ్చారు. బిక్షమ్మ వంగి రుద్దుకుంటున్నంతసేపూ, పొద్దుటినుంచీ ఆమె పక్కన సర్దుకుని కూర్చున్న మిగతా మేళాల ఆడవాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు. పచ్చనీళ్లు కాలువ మీదుగా చెప్పుల గుట్ట దాకా పారాయి. కొంగుతో తుడుచుకుని వచ్చి నిలబడింది. చెవుల వెనక, ముక్కు మూలల్లో పసుపు మిగిలే ఉంది. ఫోను ఈసారి ఒక్క క్షణంలో పట్టుకుంది.

"ఓకే మేడం" అన్నాడు పరశురాం, ఆమె ముఖంలోకి చూడకుండా.

"మళ్లీ రంగు వేసుకుని రామ్మా. వేషానికి ఇరవై మార్కులున్నాయి" అంది శ్రీదేవి. ఆమె గొంతులో దయ ఉంది.

"ఒక దినం రెండుమార్లు కట్టేది కాదు మేడం అది."

"మరి కథ?"

"కథ లేదు. పేర్లు చెప్పి దిగుత."

బిక్షమ్మ వేదిక ఎక్కింది. వెలిసిన నీలం చీర, తడి జుట్టు. లింగస్వామి మద్దెల భుజానికి తగిలించుకున్నాడు; మేళంలో మిగతా ఇద్దరూ వెనక నిలబడ్డారు. తమకు హక్కున్న ఊళ్లు, ఆ ఊళ్లలో తమను సాకిన ఇళ్లు, ఒక్కొక్క ఇంట్లో తరం వెంట తరం మగవాళ్ల పేర్లు చెప్పడం చిందు ఆటకు చివరి ఘట్టం. ఇంటి పెద్ద పోయాక జరిగే మొదటి ఆటలో అతని పేరు వెనక కొడుకు పేరు చేర్చి పలుకుతారు. అప్పుడు కొడుకు లేచి నిలబడి చేతులు జోడిస్తాడు. ఆ ఇంటికి అతను పెద్ద అయ్యాడని దాని అర్థం.

గొంతు మొదట జీర పోయింది. తర్వాత హాలంతా నిండింది. ఆమె రెండు ఊళ్లు దాటి కొత్తకుంటకు వచ్చింది. దామోదర్ మార్కుల కాగితం మీద నుంచి తల ఎత్తాడు.

"ముత్తయ్య కొడుకు బాలయ్య. బాలయ్య కొడుకు గురవయ్య. ఆకలైన మేళానికి ఆరు కుంచాల గింజ గొలిసిన గురవయ్య. గురవయ్య కొడుకు జానయ్య. తన మంచం మాకిచ్చి తానేమో నేల పండుకున్న జానయ్య..."

నాలుగు నెలలుగా వినాలని ఉన్న పేరు అది. దామోదర్ లేచి నిలబడ్డాడు. తాను లేచిన సంగతి ఆయనకే తెలియలేదు. పక్కన రామచంద్రయ్య తల తిప్పి చూశాడు. దామోదర్ రెండు చేతులూ సగం దాకా లేచాయి.

లింగస్వామి మద్దెల మీద ఒక దెబ్బ వేశాడు. కొడుకు పేరు రావలసిన చోటు అది. దెబ్బ మోగింది. బిక్షమ్మ ఊపిరి తీసుకుంది. ఎటూ చూడలేదు.

"ఆ పక్కింటి పెద్దలు," అని ఎత్తుకుంది, "ఎల్లయ్య కొడుకు సాయన్న, సాయన్న కొడుకు..."

దామోదర్ నిలబడే ఉన్నాడు. వెనక వరుసలోంచి ఎవరో అన్నారు:

"సారూ, జర కూసోండ్రి. ఎనుకున్నోళ్లకు కానొస్తలేదు."